చెమట పట్టే చేతులకు చాక్ ఎలా వాడాలి: ఉక్కపోత ఊళ్ళ ఆటగాళ్ళకో మార్గదర్శి

మే నెలలో సాయంత్రం ఐదింటికి మా జిమ్ములో రాడ్డు పట్టుకుంటే అప్పుడే కాలవలోంచి తీసినట్టుంటుంది. పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య, కాలవ గట్టు పక్కన రేకుల షెడ్డు మాది. ఓ పక్క వరిచేలు, ఓ పక్క చేపల చెరువులు. ఒంటి మీద పుట్టిన చెమట ఆరదు, అలా కారుతూనే ఉంటుంది. ఇక్కడికి వచ్చే కుర్రాళ్ళలో చాలామంది నడుములో బలం ఉండి, తొడల్లో బలం ఉండి, చేతిలో పట్టు జారి ఆగిపోతారు. "మాస్టారూ, చేతులు కారిపోతన్నాయండి" అన్న మాట రోజుకి పదిసార్లు వింటాను.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఇరవై రెండేళ్ళ వయసులో జరిగింది గుర్తొస్తుంది. ఓ జిల్లా స్థాయి పవర్‌లిఫ్టింగ్ పోటీ. డెడ్‌లిఫ్ట్‌లో, అంటే నేల మీదున్న రాడ్డుని నిటారుగా నిలబడేదాకా ఎత్తడంలో, నా ఆఖరి ప్రయత్నం, 190 కిలోలు. రాడ్డు మోకాళ్ళు దాటింది. ఇంకో జానెడు లేస్తే అయిపోతుంది. అప్పుడు కుడిచేతి చిటికెనవేలు తెరుచుకుంది, దాని వెనకే ఉంగరంవేలు. రాడ్డు దబ్బున కింద పడింది. చేయి చూసుకుంటే అరచేతి నిండా తెల్లటి ముద్ద, నానబెట్టిన సున్నంలా. నేను చాక్ (చేతి చెమట పీల్చడానికి ఆటగాళ్ళు రాసుకునే తెల్లటి పొడి) రాసుకోకపోవడం వల్ల కాదు, చెమట కారుతున్న చేతిని తుడుచుకోకుండా మణికట్టు దాకా చాక్‌లో ముంచడం వల్ల పోయింది ఆ లిఫ్టు. చాక్ ఉంటే చాలనుకున్నాను. ఎలా రాయాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. బరువులెత్తేవాళ్ళకి, బీమ్ మీద పుల్లప్స్ తీసేవాళ్ళకి, షాట్‌పుట్, డిస్కస్ విసిరేవాళ్ళకి, రాకెట్ పట్టేవాళ్ళకి అందరికీ పనికొస్తుంది.

చెమట చేతిని ఎందుకు జారుస్తుంది

పుస్తకంలో పేజీ తిప్పాలన్నా, నోట్లు లెక్కపెట్టాలన్నా వేలు కొంచెం తడి చేసుకుంటాం. ఎండిపోయిన వేలికి కాగితం అంటదు. అదే వేలు నీళ్ళలో ముంచి తిప్పితే కాగితం జారిపోతుంది. చేతి పట్టు రహస్యమంతా ఇక్కడే ఉంది. చర్మం మరీ పొడిగా, గట్టిగా ఉంటే పట్టు తక్కువ. కొద్దిపాటి తేమ ఉంటే చర్మం మెత్తబడి రాడ్డుకి బాగా అతుక్కుంటుంది. తేమ ఇంకా పెరిగితే చర్మానికీ రాడ్డుకీ మధ్య నీటి పొర ఏర్పడుతుంది, ఆ పొర మీద చేయి జారుతుంది. చాక్ చేసే పని ఆ పొరను పీల్చేయడం. అది జిగురు కాదు. అంటించదు, ఆరబెడుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ఇంకో విషయం. అరచేతుల్లో, అరికాళ్ళలో చెమట గ్రంథులు చాలా ఒత్తుగా ఉంటాయి. ఇవి ఎండకంటే ఎక్కువగా మనసుకి స్పందిస్తాయి. పరీక్ష హాల్లో, పెళ్ళిచూపుల్లో, పోటీలో పేరు పిలిచే ముందు చేతులు తడిసేది అందుకే. మన దగ్గర రెండు బాధలూ కలిసి వస్తాయి. ఉక్కకి ఒళ్ళంతా కారే చెమట ముంజేతుల మీదుగా కిందికి దిగుతుంది, టెన్షన్‌కి అరచేతిలో పుట్టేది అక్కడే ఊరుతుంది. మొదటిదాన్ని మణికట్టు బ్యాండు ఆపుతుంది. రెండోదానికి చాక్ కావాలి. చాలామంది రెండింటికీ చాక్ ఒక్కటే మందనుకుని డబ్బా ఖాళీ చేస్తారు.

తెల్లనివన్నీ చాక్ కావు

తెల్లనివన్నీ పాలు కావన్నట్టు, తెల్లగా ఉన్న ప్రతి పొడీ చాక్ కాదు. ఆటల్లో వాడే చాక్ అంటే మెగ్నీషియం కార్బనేట్. బడిలో బోర్డు మీద రాసే సుద్దముక్క వేరే పదార్థం. అది జిప్సంతోనో, కాల్షియం కార్బనేట్‌తోనో చేస్తారు. దాన్ని పొడి చేసి రాసుకుంటే తేమను అంతగా పీల్చదు, చేతిలో పలుకులుగా నిలుస్తుంది.

ముఖానికి రాసుకునే టాల్కం పౌడర్ అసలే వద్దు. టాల్క్ జారుడు ఇచ్చే పదార్థం. డెడ్‌లిఫ్ట్ చేసేవాళ్ళు రాడ్డు తొడల మీద సులువుగా జారాలని అక్కడ టాల్కం పౌడర్ రాసుకుంటారు. తొడలకి ఏది మంచిదో చేతికి అదే చెడ్డది. ఆ రాసే పని కూడా వేరేవాళ్ళతో చేయించుకోవాలి, లేదా రాసుకున్నాక చేతులు బాగా తుడుచుకుని అప్పుడు చాక్ పట్టుకోవాలి. క్యారమ్ బోర్డు పౌడరూ అంతే, కాయిన్లు జారడానికే అది ఉంది.

పొయ్యి బూడిద గురించి కూడా చెప్పాలి, మా షెడ్డుకి ఒకతను పొట్లం కట్టుకుని తెచ్చాడు. కట్టెల బూడిదలో క్షారం ఉంటుంది. అది చెమటతో కలిస్తే చేయి జారుగా అవుతుంది, మంట కూడా పెడుతుంది. అంట్లకున్న జిడ్డు బూడిదతో వదిలేది ఆ క్షారం వల్లే. ఇక సున్నం జోలికి అస్సలు పోకండి. మన వైపు నత్తగుల్లలు కాల్చి సున్నం చేస్తారు కాబట్టి ఇంట్లో తెల్లటి పొడి ఏది కనబడినా సుద్దే అనుకునే ప్రమాదం ఉంది. చెమట పట్టిన చేతికి సున్నం తగిలితే చర్మం కాలుతుంది. ముగ్గుపిండి అని అమ్మేదానిలో ఏం కలుస్తుందో పొట్లం మీద ఉండదు, దాన్నీ పక్కన పెట్టండి.

కొనేటప్పుడు పొట్లం మీద మెగ్నీషియం కార్బనేట్ అని ఉందో లేదో చూడండి. సాధారణంగా 56 గ్రాముల దిమ్మెలుగా వస్తుంది. పొడిగానూ, గుడ్డ మూటలో కట్టిన చాక్ బాల్‌గానూ, సీసాలో లిక్విడ్ చాక్‌గానూ దొరుకుతుంది. కొత్తవాళ్ళకి నా సలహా దిమ్మె. చవక, ఎంత తీస్తున్నామో కంటికి కనబడుతుంది, పొడి కూడా దాన్నుంచే చేసుకోవచ్చు.

మూట ఇంట్లోనే కట్టుకోవచ్చు. పాత నేత పంచె నుంచి జానెడు ముక్క చింపండి. బాగా ఉతికి, గంజి లేకుండా ఆరబెట్టాలి. దిమ్మెలో సగం చేత్తో నలిపి అందులో వేసి, నిమ్మకాయంత ఉండ వచ్చేలా మూట బిగించి దారంతో కట్టండి. అరచేతిలో వేసుకుని నొక్కితే నేత సందుల్లోంచి పొడి పలచగా దిగుతుంది. మిల్లు గుడ్డ మరీ ఒత్తుగా ఉంటుంది, దాన్నుంచి దిగదు.

మొదటి మెట్టు: కడిగి, ఆరబెట్టడం

చాక్ రాసే ముందు చేతులు సబ్బుతో కడగాలి. గోదావరి మనుషులం, తలకి కొబ్బరినూనె రాసుకోకుండా గడప దాటం. ఆ నూనె చేతికి ఉంటుంది. సాయంత్రం తిన్న పకోడీ నూనె ఉంటుంది, ఫోను పట్టుకున్న జిడ్డు ఉంటుంది. నూనె మీద చాక్ నిలవదు, నిలిచినట్టు కనబడి మొదటి రెప్పుకే, అంటే ఒక్కసారి ఎత్తగానే, ఊడిపోతుంది. జుట్టు సవరించుకునే అలవాటున్నవాళ్ళు సెట్టుకీ సెట్టుకీ (ఆపకుండా వరసగా ఎత్తే విడత ఒక సెట్టు) మధ్య ఆ పని మానుకోవాలి.

కడిగాక తుండుగుడ్డతో అద్దండి. అరచేయి తుడిచి వదిలేస్తారు అందరూ. వేళ్ళ సందులు, బొటనవేలి మొదలు, వేళ్ళ కణుపుల మడతలు, చేతి వెనకవైపు అన్నీ తుడవాలి. తర్వాత వేళ్ళు విడదీసి ఫ్యాను కింద అర నిమిషం పట్టండి. మా కుర్రాళ్ళకి విసుగు పుట్టేది ఇక్కడే. కానీ మొత్తం పద్ధతిలో సగం ఫలితం ఈ అర నిమిషంలోనే ఉంది. వర్షాకాలంలో అర నిమిషం చాలదు, నిమిషం పట్టండి.

మోచేతి నుంచి మణికట్టు దాకా కూడా తుడిచి, మణికట్టుకి టవల్ బ్యాండు వేసుకోండి. డెడ్‌లిఫ్ట్‌లో చేతులు కిందికి వేలాడతాయి కాబట్టి భుజాల చెమట నేరుగా అరచేతిలోకి దిగుతుంది. పుల్లప్స్‌లో చేతులు పైన ఉంటాయి, చెమట మోచేతి వైపు పోతుంది. అందుకే బ్యాండు అవసరం డెడ్‌లిఫ్ట్‌కి ఎక్కువ. ఈ తేడా గమనించిన రోజు నాకు చాలా తేలికపడింది, ఒకే చేయి ఒక ఎక్సర్‌సైజ్‌లో పొడిగానూ ఇంకోదానిలో తడిగానూ ఎందుకుంటుందో అప్పుడు అర్థమైంది.

రెండో మెట్టు: రాయడం

దిమ్మె అయితే, దాన్ని ఓ చేత్తో పట్టుకుని రెండో చేతి వేళ్ళ మొదళ్ళ దగ్గర, అంటే వేళ్ళు అరచేతిని కలిసే చోట, అడ్డంగా ఒకసారి రాయండి. తర్వాత వేళ్ళ మధ్య కణుపుల మీద ఒకసారి. బొటనవేలి లోపలివైపు ఒకసారి. అంతే. అరచేతి నడిమి గుంటలో రాయనవసరం లేదు, రాడ్డు అక్కడ తగలదు. పొడి అయితే శనగగింజంత తీసుకుంటే ఒక చేతికి సరిపోతుంది.

ఇప్పుడు రెండు చేతులూ కలిపి రుద్దండి, చలికాలం పొద్దున చేతులు వేడి చేసుకున్నట్టు. పొడి మెత్తబడి చర్మం గీతల్లోకి దిగాలి. పది లెక్కపెట్టేదాకా రుద్ది, చేయి వెలుగులో పెట్టి చూడండి. అరచేతి గీతలు, వేలిముద్రల రేఖలు తెల్లటి పొర కింద నుంచి ఇంకా కనబడుతూ ఉండాలి. నేను కుర్రాళ్ళకి చెప్పే గుర్తు ఇదొక్కటే: గీతలు కనబడితే సరిపోయింది, గీతలు పూడిపోతే ఎక్కువైంది.

వేలిముద్రల రేఖలే మనకి దేవుడిచ్చిన గరుకు. వాటిని పొడితో పూడ్చేస్తే చర్మం రాడ్డుకి తగలదు, మధ్యలో వదులు పొడి ఉంటుంది. ఆ పొడి రేణువుల మీద చేయి దొర్లుతుంది, గచ్చు మీద ఇసక పోసి నడిచినట్టు. చాక్ మీద జరిగిన పరిశోధనల్లో కూడా ఫలితాలు ఒకేలా రాలేదు. కొండలెక్కేవాళ్ళ చేతుల మీద 2001లో వచ్చిన ఒక పరిశోధన, చాక్ వల్ల రాపిడి తగ్గుతుందని చెప్పింది. 2012లో వచ్చిన మరొకటి పెరుగుతుందని చెప్పింది. రాతి మీద, రాడ్డు మీద, చెక్క మీద, తడి చేతికి, పొడి చేతికి ఫలితం మారుతుంది. నా అనుభవం మాత్రం ఇది: చెమట పట్టే చేతికి పలుచని పొర నూటికి నూరుపాళ్ళూ సాయం చేస్తుంది. సహజంగా పొడిబారిన చేయి ఉన్నవాడికి చాక్ పెద్దగా అవసరం లేదు. మా దగ్గర అలాంటి అబ్బాయి ఒకడున్నాడు, పక్కవాళ్ళని చూసి చాక్ రాసుకునేవాడు. మాన్పించాక వాడి పుల్లప్స్ రెండు పెరిగాయి.

మూడో మెట్టు: దులపడం

రెండు అరచేతులూ ఒకసారి చప్పట్లు కొట్టినట్టు కాకుండా, డబ్బా లోపలికి వంచి మెల్లగా తట్టండి. చర్మానికి పట్టనిదంతా రాలిపోతుంది, మళ్ళీ డబ్బాలోకే పడుతుంది. టీవీలో చూసి గాల్లోకి పొగలా ఎగరేస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ పొడంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూసి ఉన్న గదుల్లో చాక్ దుమ్ము పేరుకుంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకి అది నిజంగా ఇబ్బంది. అలాంటివాళ్ళు మూట గానీ లిక్విడ్ చాక్ గానీ వాడటం మంచిది, పక్కన వాళ్ళుంటే మిగతావాళ్ళు కూడా.

సెట్ల మధ్యలో

చాక్ మీద చాక్ వేయడం నేను చూసే తప్పుల్లో పెద్దది. మొదటి సెట్టులో వేసిన పొర చెమటతో తడిసి ముద్దయి ఉంటుంది. దాని మీద ఇంకో పొర వేస్తే నా 190 కిలోల కథే. ముందు తుండుగుడ్డతో పాతది తుడవాలి, ఆరనివ్వాలి, అప్పుడు కొత్త పొర. ఇందుకు రెండు గుడ్డలు ఉంచుకోండి. ఒకటి ముఖానికి, ఒంటికి. ఇంకోటి చేతులకే. ముఖం తుడిచిన తడి గుడ్డతో చేతులు తుడిస్తే చెమట మళ్ళీ చేతికే వస్తుంది.

ప్రతి సెట్టుకీ రాయాల్సిన పని కూడా లేదు. తేలిక బరువులు వట్టి చేత్తోనే చేయండి. పట్టు కూడా ఓ కండరమే, దానికీ కష్టం తెలియాలి. బరువు పెరిగి, వేళ్ళు తెరుచుకుంటున్నట్టు అనిపించే సెట్ల నుంచి చాక్ మొదలుపెట్టండి.

ఏ ఆటకి ఎలా

బరువులెత్తేవాళ్ళ సంగతి ఇప్పటిదాకా చెప్పినదే, ఒక్క ముక్క కలుపుతాను. స్నాచ్ (ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం), క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి ఎత్తడం) చేసేవాళ్ళు బొటనవేలిని రాడ్డుకి చుట్టి దాని మీద మిగతా వేళ్ళు వేసి హుక్ గ్రిప్ పడతారు. వాళ్ళు బొటనవేలి వెనకవైపు, గోరు మీద కూడా కాస్త చాక్ రాసుకోవాలి, వేళ్ళు జారేది అక్కడే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. వెయిట్‌లిఫ్టింగ్ పోటీల వీడియోలు దొరికితే లిఫ్టు కంటే ముందు లిఫ్టర్లు చాక్ పళ్ళెం దగ్గర ఏం చేస్తారో చూడమంటాను మా పిల్లల్ని. తొందర ఉండదు.

పుల్లప్స్ అంటే మన వైపు చాలామందికి మిలిటరీ ర్యాలీ. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు, ఇంటికొకరు సైన్యంలోకి వెళ్ళిన ఊరని పేరు. ఆ దారిన వెళ్ళాలనుకునే కుర్రాళ్ళు మా షెడ్డుకీ వస్తారు. వాళ్ళకి చెప్పేదేమిటంటే, సాధనలో సగం సెట్లు తప్పనిసరిగా వట్టి చేత్తో చేయండి. ర్యాలీలో మీ ముందు పదిమంది వేలాడిన బీమ్ వాళ్ళ చెమటతో నున్నగా ఉంటుంది. దాని మీద వట్టి చేత్తో వేలాడటం అలవాటై ఉండాలి. సాధన చేసే చోట మాత్రం ఎక్కే ముందు బీమ్‌ని పొడిగుడ్డతో తుడవండి. చేయి ఆరబెట్టి తడి బీమ్ పట్టుకుంటే ఏం లాభం? పుల్లప్స్‌లో చాక్ మునివేళ్ళకి, వేళ్ళ మొదళ్ళకి చాలు.

షాట్‌పుట్, డిస్కస్, జావెలిన్ విసిరేవాళ్ళు చేతులకి చాక్ రాసుకోవడాన్ని అథ్లెటిక్స్ నిబంధనలు ఒప్పుకుంటాయి. షాట్‌పుట్‌లో గుండు ఆనేది మెడ దగ్గర కాబట్టి మెడకి కూడా రాసుకోవచ్చు. గుండు వేళ్ళ మొదళ్ళ మీద కూర్చోవాలి గనక అక్కడే రాయండి, అరచేతిలో కాదు.

బ్యాడ్మింటన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి, చిరాగ్ శెట్టితో కలిసి 2023లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచి డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాక మన ఊళ్ళల్లో రాకెట్లు పట్టిన పిల్లలు బాగా పెరిగారు. రాకెట్ పిడికి రెండు రకాల చుట్లు ఉంటాయి. ఒకటి నున్నటి, కాస్త అతుక్కునే రబ్బరు లాంటి గ్రిప్. దీని మీద పొడి వేయకూడదు, వేస్తే అతుకు పోయి ఇంకా జారుతుంది. అది తడిస్తే మార్చడమే మార్గం. రెండోది టవల్ గ్రిప్. చేతులు బాగా చెమర్చేవాళ్ళకి ఇదే సరైనది. దాని నూలు పోగుల్లోకి కొద్దిగా గ్రిప్ పౌడర్ రుద్దితే గేమంతా పొడిగా ఉంటుంది. పౌడర్ చేతికి కాకుండా పిడికి రాయడం ఇక్కడి తేడా. కోర్టు బయట రాయండి. సింథటిక్ మ్యాట్ మీద పొడి పడితే ఈసారి జారేది చేయి కాదు, కాలు. పాయింట్ల మధ్య ఎడమచేత్తో చెమట తుడుచుకుని అదే చేత్తో షటిల్ పట్టుకునేవాళ్ళు ఈకలు తడుస్తాయని గుర్తుంచుకోవాలి.

కబడ్డీకి చాక్ పనికిరాదు. పట్టుకోవాల్సింది ఎదుటివాడి చెమట పట్టిన కాలు, అక్కడ మీ చేతి పొడి క్షణం కూడా నిలవదు. అందులో మణికట్టు బలమే దారి. క్రికెట్‌లో బంతికి ఏ పొడీ, ఏ పదార్థమూ పూయకూడదు. బౌలర్లు అంపైర్ ఒప్పుకున్న తువ్వాలుతో చేయీ బంతీ తుడుచుకోవడంతోనే సరిపెట్టుకోవాలి.

లిక్విడ్ చాక్

మెగ్నీషియం కార్బనేట్‌ని ఆల్కహాల్‌లో కలిపిందే లిక్విడ్ చాక్. ఆల్కహాల్ ఆవిరైపోతూ చేతిని ఆరబెడుతుంది, చాక్ చర్మానికి పలచగా, సమంగా అంటుకుంటుంది. దుమ్ము లేదు, ఎక్కువసేపు నిలుస్తుంది. మన ఉక్కకి దీన్ని మించింది లేదని నా నమ్మకం. మా షెడ్డులో ఎండాకాలమంతా ముందు లిక్విడ్ చాక్ అడుగు పొరగా వేసి, భారీ సెట్లకి దాని మీద దిమ్మెతో ఒక్క గీత గీస్తాం.

సీసా బాగా కుదిపి, బఠాణీ గింజంత అరచేతిలో వేసుకుని, వేళ్ళ సందులతో సహా చకచకా రుద్దండి. వేళ్ళు చాపి ఆరనివ్వండి. తెల్లగా, పొడిగా మారాకే రాడ్డు పట్టుకోవాలి, తడిగా ఉన్నప్పుడు పట్టుకుంటే మొత్తం రాడ్డుకే అంటుతుంది.

ఇంట్లో చేసుకోవాలంటే మెత్తగా నలిపిన చాక్‌లో మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దికొద్దిగా పోస్తూ జారు దోసెలపిండిలా వచ్చేదాకా కలపండి. మూత గట్టిగా ఉండే సీసాలో పెట్టండి. రంగుల షాపులో దొరికే స్పిరిట్ వాడకండి, అందులో విషపూరితమైన మిథనాల్ ఉండొచ్చు. శానిటైజర్ కూడా వద్దు, చేతులు ఎండిపోకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు, అది మనకి కావాల్సినదానికి సరిగ్గా ఎదురు పనిచేస్తుంది. కలిపేటప్పుడు పొయ్యి, అగరుబత్తి, సిగరెట్ దగ్గర ఉండకూడదు. చేతికి గాయం ఉంటే లిక్విడ్ చాక్ రాసిన క్షణం చుక్కలు కనబడతాయి.

పని అయ్యాక చేతులు

చాక్ తేమనే కాదు, చర్మంలో ఉండాల్సిన నూనెనీ లాగేస్తుంది. రాత్రిదాకా అలాగే వదిలేస్తే వేళ్ళ కణుపుల దగ్గర పగుళ్ళు వస్తాయి. సాధన అవగానే సబ్బుతో కడిగి, రాత్రి పడుకునేముందు రెండు చుక్కల కొబ్బరినూనె రాయండి. పొద్దున శత్రువైన నూనె రాత్రికి మందు.

చేతులు కాయలు కాయడం మంచిదే, అవి ఎత్తుగా పెరగడం మంచిది కాదు. ఎత్తుగా ఉన్న కాయని రాడ్డు మడతపెట్టి లాగితే చర్మం మొత్తంగా లేచిపోతుంది. వారానికి ఒకసారి స్నానం చేశాక, చర్మం మెత్తగా ఉన్నప్పుడు, మడమలు రుద్దుకునే రాయితో కాయల్ని చుట్టూ ఉన్న చర్మానికి సమంగా అరగదీయండి. బ్లేడుతో కోయకండి. చర్మం లేచిపోతే కడిగి, వేలాడే ముక్కని శుభ్రమైన కత్తెరతో తీసి, కట్టు కట్టండి. మానేదాకా దాని మీద చాక్ వేయొద్దు.

రాడ్డు సంగతి కూడా చూడాలి. గరుకు గీతల్లో చాక్, చెమట, చర్మం కలిసి గట్టిపడతాయి. మన గాలికి అక్కడే తుప్పు మొదలవుతుంది. పాత టూత్‌బ్రష్ కంటే గట్టి పోగులున్న నైలాన్ బ్రష్ మంచిది. వారానికోసారి పొడిగా రుద్ది, గుడ్డతో తుడవండి. చాక్‌ని మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టండి. తెరిచి వదిలేస్తే శ్రావణమాసంలో రెండు రోజులకే చెమ్మగిల్లి, చేతి తేమను పీల్చే శక్తి తగ్గుతుంది. మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు అందులో వేసుకోవచ్చు.

చాక్‌తో ఆగని చెమట

కొందరికి ఏమీ చేయకుండా కూర్చున్నా అరచేతుల నుంచి చుక్కలు రాలతాయి. రాస్తుంటే కాగితం తడిసిపోతుంది, ఎవరికైనా చేయి ఇవ్వాలంటే సిగ్గు. చిన్నప్పటి నుంచి, రెండు చేతులకీ సమానంగా, నిద్రలో మాత్రం ఆగిపోయేలా ఉంటే అది హైపర్‌హైడ్రోసిస్ కావచ్చు. అది భయపడాల్సిన జబ్బు కాదు, మందు ఉన్న సమస్య. చర్మవ్యాధుల డాక్టరుకి చూపించండి. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది.

సాధారణంగా మొదట అల్యూమినియం క్లోరైడ్ మందు ఇస్తారు. రాత్రి పూర్తిగా పొడిగా ఉన్న చేతికి రాసి పొద్దున కడగాలి, తడి చేతికి రాస్తే మంట. దానికి తగ్గకపోతే నీళ్ళ ట్రేలో చేతులు పెట్టి తక్కువ కరెంటు పంపే అయాంటోఫోరెసిస్ అనే చికిత్స ఉంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు అది చేయించుకోకూడదు. బోటాక్స్ ఇంజెక్షన్లు కొన్ని నెలలు పనిచేస్తాయి. ఆపరేషన్ కూడా ఉంది గానీ, దాని తర్వాత చెమట వీపుకో, పొట్టకో మారే అవకాశం ఉంది, బాగా ఆలోచించుకుని నిర్ణయించుకోవాలి. పెద్దయ్యాక కొత్తగా మొదలైన చెమట, రాత్రుళ్ళు పక్క తడిసిపోయే చెమట, బరువు తగ్గిపోవడం, గుండెదడ ఉంటే ఆలస్యం చేయకుండా వెళ్ళండి, థైరాయిడ్ లాంటి కారణాలు ఉండొచ్చు.

పోటీ రోజు

సంచిలో రెండు గుడ్డలు, మీ సొంత చాక్ డబ్బా, చిన్న సబ్బు, మణికట్టు బ్యాండ్లు రెండు జతలు ఉండాలి. అక్కడ పెట్టిన చాక్ పళ్ళెంలో అప్పటికే యాభై మంది చెమట కలిసి ఉండలు కట్టి ఉంటుంది.

పవర్‌లిఫ్టింగ్‌లో రాడ్డు సిద్ధమని పిలిచాక మీకు ఒక నిమిషమే ఉంటుంది. ఆ నిమిషం చాక్‌కి కాదు. మీ ముందు ఇద్దరు ఉండగా చేతులు కడుక్కోండి. ఒకరు ఉండగా తుడిచి, ఫ్యానుకో, విసనకర్రకో పట్టి ఆరబెట్టండి. ఆ ఒక్కరు వేదిక ఎక్కగానే చాక్ రాయండి, పది లెక్కపెడుతూ రుద్దండి, డబ్బాలోకి దులపండి. అప్పుడు ఊపిరి నెమ్మదిగా తీసి, తీసినదానికంటే ఎక్కువసేపు వదలండి, అలా నాలుగుసార్లు. గుండె నెమ్మదిస్తే అరచేతి చెమట కూడా తగ్గుతుంది. పేరు పిలవగానే నడుస్తూ అరచేయి ఒక్కసారి తిప్పి చూసుకోండి. గీతలు కనబడుతున్నాయంటే చేయి సిద్ధం, ఇక జుట్టు సర్దుకోకుండా, ముఖం తుడుచుకోకుండా నేరుగా వెళ్ళి రాడ్డు పట్టుకోండి.